పిగిలిపిట్ట గూట్లో పాఠం ఏముందక్కా?

కోనసీమ నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాసింది. పేరూ ఊరూ వెయ్యొద్దంది. ఉత్తరం మొత్తం వేయడానికి చోటు లేదు కాబట్టి సంగతి క్లుప్తంగా చెబుతాను.

ఆమెకు నలభై దాటాయి. భర్తది కొబ్బరికాయల వ్యాపారం. ఒక్కతే కూతురు, ఇంటర్ బైపీసీ చదువుతోంది. ఈ సోదరి రోజూ తెల్లవారుజామున పాలకేంద్రానికి కాలువ గట్టు మీదుగా నడిచి వెళ్లి వస్తుంది. ఆ దారిలో కనపడిన పిట్ట, పువ్వు, మబ్బు, చీమల బారు, ఏదైనా సరే, అందులో దేవుడు తనకు ఏం నేర్పిస్తున్నాడో నాలుగేళ్లుగా ఒక నోటు పుస్తకంలో రాసుకుంటోంది. అది చూసి పాస్టరమ్మగారు శుక్రవారం స్త్రీల కూడికలో పది నిమిషాలు మాట్లాడమన్నారు. అందరికీ నచ్చింది, ప్రతి వారం మాట్లాడటం అలవాటైంది.

మొన్న మాఘమాసంలో మామిడిపూత గురించి చెప్పింది. పూసిన పూతంతా నిలవదు, ఏది నిలవాలో దేవునికి తెలుసు, రాలిన పూత కోసం చెట్టు ఏడుస్తూ కూర్చోదు అంది. వెనక వరసలో ఒక చిన్న వయసు అమ్మాయి ఉంది. రెండు నెలల క్రితం ఐదో నెలలో కడుపు పోయింది, ఆ తర్వాత కూడికకు రావడం అదే మొదలు. ఆ మాట వినగానే లేచి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. తర్వాతి ఆదివారం సంఘపెద్ద ఒకాయన, వాక్యం చేతిలో ఉండగా ఈ చెట్లూ పుట్టలూ మనకెందుకమ్మా అని నలుగురిలో అన్నారు. ఇంట్లో కూతురేమో, అమ్మా నువ్వు చెప్పిన గద్ద కథ అబద్ధం, మా మేడమ్‌ని అడిగాను అంది. ఇవి చాలనట్టు, నూతి పక్కన మల్లెపొదలో పిగిలిపిట్ట పెట్టిన గూడును ఈమె ఇరవై రోజులుగా కనిపెడుతూ రోజుకో పేజీ రాస్తోంది, ఒక పొద్దున కాకి వచ్చి మూడు పిల్లల్నీ ఈమె కళ్ల ముందే ఎత్తుకుపోయింది. ఇందులో పాఠం ఏంటమ్మా అని కూతురు అడిగితే నోట మాట రాలేదట. ఆ రోజు నుంచి పుస్తకం ముట్టుకోలేదు. "నాలుగేళ్లు నేను విన్నది దేవుని స్వరమా, నా ఊహా అక్కా? ఈ పుస్తకం పొయ్యిలో పెట్టేయనా?" అని అడుగుతోంది.

చెల్లీ,

అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నీ ఉత్తరంలో కాకి సంగతి రెండున్నర పేజీలు ఉంది, ఆ అమ్మాయి సంగతి నాలుగు వాక్యాల్లో ఉంది. నాకు మాత్రం ఆ నాలుగు వాక్యాల దగ్గరే కన్ను ఆగిపోయింది. అందుకని అక్కడే మొదలుపెడతాను.

యోబు గ్రంథం ఎనిమిదో అధ్యాయం తీసి చదువు. పది మంది పిల్లల్ని ఒక్కరోజులో పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న మనిషి దగ్గర, అతని స్నేహితుల్లో ఒకడైన బిల్దదు మాట్లాడుతున్నాడు. బురద లేకుండా జమ్ము పెరుగుతుందా, నీళ్లు లేకుండా రెల్లు మొలుస్తుందా అంటాడు, తర్వాత సాలెగూడు గురించి చెబుతాడు. చూడటానికి ఎంత బాగుంటుందో చూడు, అచ్చం నీ పుస్తకంలో రాసుకునే మాటల్లాగే ఉంటాయి. జమ్ము గురించి అతను చెప్పింది అబద్ధం కాదు కూడా, కాలువ గట్టు మీద రోజూ నడిచేదానివి, నీకు నేను చెప్పాలా. కానీ ఆ జమ్మును తీసుకెళ్లి యోబు గాయంలో గుచ్చాడు. చివరి అధ్యాయంలో దేవుడు ఆ స్నేహితుల మీద కోపపడి, మీరు నా గురించి సరిగ్గా మాట్లాడలేదు అంటాడు. ప్రకృతిలోంచి పాఠం తీయడం పరిశుద్ధ గ్రంథంలోనే ఇన్ని చోట్ల ఉంది, అలాంటి పాఠం మనిషిని గాయపరిచిన సంగతి కూడా అక్కడే రాసి ఉంది. మనం మొదటిదే చెప్పుకుంటాం, రెండోది వదిలేస్తాం.

నా సంగతి ఒకటి చెబుతాను. మా ఆయన పోయినప్పుడు, సమాధి తోట నుంచి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోకముందే, తెలిసినాయన ఒకరు గోధుమగింజ భూమిలో పడి చావాలన్న వాక్యం ఎత్తుకుని, విత్తనం ఎలా కుళ్లుతుందో మొలక ఎలా వస్తుందో అంతా వివరించారు. నేను అరుగు మీద కూర్చుని ఆయన చెప్పులకు అంటిన ఎర్రమట్టి వైపు చూస్తూ ఉండిపోయాను. ఆయన మంచివారే. వాక్యం కూడా ప్రభువు నోటి మాటే. చాలా ఏళ్ల తర్వాత యోహాను పన్నెండో అధ్యాయం నిదానంగా చదువుతుంటే తట్టింది, ప్రభువు ఆ గింజ మాట చెప్పింది తన చావు గురించి. తానే గింజ కాబోతూ చెప్పాడు. లాజరు సమాధి దగ్గర ఏడుస్తున్న మరియకు మాత్రం ఏ గింజ కథా చెప్పలేదు, ఆమెతోపాటు కన్నీళ్లు పెట్టుకున్నాడు.

నువ్వు కావాలని అనలేదు, ఆ అమ్మాయి వెనక కూర్చున్నట్టు నీకు తెలియదు, నమ్ముతాను. అయినా తగిలిన దెబ్బ తగిలిందే. ఇప్పుడేం చెయ్యాలంటే నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి. నువ్వే ఒకసారి వాళ్లింటికి వెళ్లొచ్చు. వెళ్తే, నా మాట నీకు బాధ కలిగించింది, నేను ఆలోచించకుండా అన్నాను, క్షమించమ్మా అని ఆ రెండు ముక్కలే చెప్పు, మామిడిపూత గురించి నీ ఉద్దేశం ఇదీ అని విడమరిచి చెప్పబోకు, చెప్పావంటే ఆమెకు ఆ మాట రెండోసారి వినిపించినట్టే అవుతుంది. ఆ అమ్మాయి అత్తగారింట్లో నలుగురి మధ్య ఉంటుంది, అక్కడ ఈ మాట ఎత్తితే ఇబ్బంది అనుకుంటే, పాస్టరమ్మగారిని ముందు పంపి, చూడటానికి రావచ్చా అని అడిగించు. ఇందులో ఒక చిక్కుంది, మధ్యలో మనిషి ఉంటే మాట మారిపోయే ప్రమాదం ఉంది, కానీ ఆమెకు వద్దనే అవకాశం కూడా ఉంటుంది. మూడోది, ఏమీ అనకుండా కాలానికి వదిలేయడం. చాలామంది చేసేది అదే. అలా వదిలేస్తే కొన్నాళ్లకు ఆమె ఇంకో సంఘానికి వెళ్తుంది, నువ్వు ఎదురుపడితే తల వంచుకుంటావు, ఏడాదికోసారి వచ్చే క్రిస్మస్ కూడా మీ ఇద్దరికీ కష్టంగా ఉంటుంది. నాకైతే మొదటి దారి మీద మనసు ఉంది. కానీ ఆ ఇల్లు నీకు తెలుసు, నాకు తెలియదు.

ఇంకో మాట. ఆ మామిడిపూత పాఠం ఆ అమ్మాయి లేకపోయినా సరైనది కాదు. మీ పెరట్లో మామిడి ఉందన్నావుగా, ఈసారి పూత వచ్చినప్పుడు ఒక గెల కిందికి వంచి దగ్గరగా చూడు. ఒక్క గెలలో వందలు, ఒక్కోసారి వేల పూలు ఉంటాయి, వాటిలో చాలా భాగం మగపూలు. అవి కాయ కాసే పూలు కావు, ఎవరూ వాటిని తీసేయలేదు, ఓడిపోయి రాలిపోలేదు. అవి ఉన్నందువల్ల పుప్పొడి ఉంది, తేనె కోసం ఈగలూ తేనెటీగలూ వస్తున్నాయి, అందువల్లే పక్కనున్న ఒకటో రెండో పిందె పడుతున్నాయి. "ఏది నిలవాలో దేవుడు ఏరుకుంటాడు" అన్న మాట నువ్వు చెట్టులో చూసింది కాదు, ముందే నీ మనసులో ఉన్నది, చెట్టు మీద వేశావు. ఇది నీకు చెబుతున్నాను గానీ, తల్లీ, ఈ మగపూల సంగతి మాత్రం తీసుకెళ్లి ఆ అమ్మాయికి ఓదార్పుగా చెప్పకు.

గద్ద కథ దగ్గరా ఇదే. గద్దకు నలభై ఏళ్లు రాగానే కొండ మీదికి వెళ్లి ముక్కు బండకేసి కొట్టుకుని విరగ్గొట్టుకుంటుంది, గోళ్లు పీక్కుంటుంది, ఐదు నెలల్లో అన్నీ కొత్తవి వచ్చి ఇంకో ముప్పై ఏళ్లు బతుకుతుంది అని ఫోన్లలో తిరుగుతూ ఉంటుంది, ప్రసంగాల్లో నేను కూడా చాలాసార్లు విన్నాను. ముక్కు లేని గద్ద అన్ని నెలలు ఏం తిని బతుకుతుంది? కీర్తన 103లో పక్షిరాజు యౌవనం అన్న మాట ఉంది నిజమే, గద్దలు పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకోవడమూ నిజమే, ఈ ముక్కు కథ మాత్రం అక్కడ లేదు. మీ పాప చెప్పింది కరెక్టు. గిజిగాడు గూట్లో బంకమట్టి అద్ది దానికి మిణుగురులు అంటించి దీపం పెట్టుకుంటుందని నువ్వు ఉత్తరంలో రాశావు చూడు, అది కూడా ఇలాంటిదే, మట్టి అద్దడం వరకు నిజం, దీపం కథ.

దీనికి సిగ్గుపడాల్సిన పని లేదు, అందరం విన్నవే చెప్పాం. కానీ దేవుడు చేసిన పక్షి మీద దేవుని పేరుతో అబద్ధం చెప్పడం చిన్న విషయం కాదు. పదిహేడేళ్ల పిల్ల క్లాసులో ఒకటి నేర్చుకుని, గుడిలో దానికి విరుద్ధంగా విని, ఏదో ఒకటి వదిలేయాలేమో అనుకునే వయసు. నీ కూతురు వదిలేయలేదు, ఇంటికొచ్చి నిన్ను అడిగింది. ఆమె ఇంకా నీతో మాట్లాడుతోంది చెల్లీ. శుక్రవారం ఏదైనా చెప్పే ముందు, ఇది నిజమేనా చూడమ్మా అని ఆమెకు ఒకసారి చూపించు. అలా చేస్తే ఒక్కో వారం నువ్వు చెప్పాలనుకున్న మంచి కథ పోతుంది, ఆ నష్టానికి సిద్ధపడాలి. కానీ నిజం చాలాసార్లు ఇంకా బాగుంటుంది. గిజిగాడి సంగతే చూడు. తల్లిపిట్ట పిల్లల కోసం కష్టపడి గూడు అల్లుతుందని స్త్రీల కూడికల్లో చెబుతుంటాం. అల్లేది మగపిట్ట. సగం అల్లి, వేలాడుతూ రెక్కలాడిస్తూ పిలుస్తుంది, ఆడపిట్ట వచ్చి చూసి నచ్చకపోతే వెళ్లిపోతుంది, ఆ గూడు అలాగే సగంలో వదిలేసి ఇంకోటి మొదలుపెడుతుంది. మీ గట్టు మీద తాటిచెట్టుకు వేలాడే సగం గూళ్లన్నీ అలా ఉండిపోయినవే.

ఇక సంఘపెద్ద మాట. నలుగురిలో అనడం తప్పే, పక్కకు పిలిచి చెప్పాల్సింది. కానీ ఆయన భయం ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించు. మన సంఘాల్లో పెద్దవాళ్లు చాలామంది వాళ్ల తండ్రుల కాలంలో చెట్టుకూ పుట్టకూ మొక్కడం మాని వచ్చినవాళ్లు, అందుకోసం చుట్టాలతో మాటలు పడినవాళ్లు. రోమా పత్రిక మొదటి అధ్యాయంలో సృష్టికర్తను విడిచి సృష్టిని పూజించారన్న మాట వాళ్లకు చాలా దగ్గరి మాట. నువ్వు పూజించట్లేదని నాకూ తెలుసు, బహుశా ఆయనకూ తెలుసు. అదే అధ్యాయంలో, దేవుని శక్తి ఆయన చేసిన వస్తువుల వల్ల తేటగా కనపడుతోందని కూడా ఉంది. ఆయనతో వాదించదలిస్తే ఈ వాక్యం చూపించొచ్చు, గెలుస్తావు కూడా. తర్వాత ఆయన నిన్ను మాట్లాడనివ్వరు.

నేనైతే పందొమ్మిదో కీర్తన ఆయన ముందు తెరిచి, అయ్యగారూ నేను ఇలా చెప్పాలనుకుంటున్నాను, సరిపోతుందా అని అడుగుతాను. ఆ కీర్తనలో ముందు ఆకాశాలు, పగలూ రాత్రీ, పెండ్లికుమారుడిలా బయల్దేరే సూర్యుడు. ఏడో వచనం నుంచి ధర్మశాస్త్రం. ప్రాణాన్ని తెప్పరిల్లజేసేది అదే అంటాడు దావీదు, ఆకాశాలు ఆ పని చేస్తాయని అనలేదు. అంటే రెండూ కావాలి, రెండూ ఒకటి కావు. శుక్రవారం నువ్వు ముందు వాక్యం చదివి, తర్వాత పిట్ట గురించి చెబితే ఆయనకు సగం అభ్యంతరం పోతుందని నా నమ్మకం. అయినా వద్దంటే కొన్నాళ్లు ఆగడమే. కూడికలో చెప్పడం ఆగితే గట్టు మీద నడవడం ఆగదు కదా.

ఇప్పుడు కాకి.

నీ కూతురు అడిగిన ప్రశ్న నన్ను మూడు రోజులు పట్టుకుని వదల్లేదు. ముందుగా ఒకటి ఒప్పుకుందాం. నువ్వు రాసిన ఆ ఇరవై పేజీల్లో, తల్లిపిట్ట నోటినిండా పురుగులు తెచ్చి పిల్లల నోట్లో పెడుతోంది, దేవుడు మనల్ని ఇలాగే పోషిస్తాడు అని ఉంది. ఆ పురుగు సంగతి మనం రాయలేదు. కెరీతు వాగు దగ్గర ఏలీయా ప్రవక్తకు పొద్దునా సాయంత్రం రొట్టె, మాంసం తెచ్చింది కాకోలాలే, ఆ మాంసం ఎక్కడిదని మనం ఎప్పుడూ అడగలేదు. గ్రంథం అయితే దాచలేదు. 147వ కీర్తనలో అరుస్తున్న పిల్ల కాకులకు ఆహారం ఇచ్చేవాడని దేవుణ్ణి స్తుతిస్తారు. యోబుతో దేవుడే, కాకిపిల్లలు ఆకలితో మొర్రపెడితే వాటికి తిండి సిద్ధపరిచేది ఎవడని అడుగుతాడు. పిల్ల కాకులకు ఏ తిండి దొరుకుతుందో నువ్వు ఆ పొద్దున నూతి దగ్గర చూశావు. లూకా సువార్తలో ప్రభువు కాకుల సంగతి విచారించి చూడండి అన్నప్పుడు ఆయనకు ఇది తెలియదా? కొండల మధ్య పల్లెటూళ్లో పెరిగినవాడు, ముప్పై ఏళ్లు వచ్చేదాకా వడ్రంగి పనిలో ఉన్నవాడు, కాకి ఏం తింటుందో చూసే ఉంటాడు. రెండు పిచ్చుకలు కాసుకు అమ్ముతారు కదా అన్నాడు, అమ్మేది తినడానికే. తండ్రి సెలవు లేక ఒక్కటి కూడా నేల రాలదు అన్నాడు గానీ రాలవు అనలేదు. లూకాలో అయిదు పిచ్చుకలు రెండు కాసులకు అని ఉంటుంది, అంటే అయిదోది కొసరు. ఆ కొసరుపిచ్చుక కూడా దేవుని ఎదుట మరువబడదు.

ఇది జవాబేనా అంటే నీ కూతురు ఒప్పుకోకపోవచ్చు. ఎందుకు ఇలా చేశాడు అని ఆమె అడుగుతుంది, అడగనివ్వు. సృష్టి అంతా ఏకంగా మూలుగుతోంది, ప్రసవవేదన పడుతోంది అని పౌలు రోమా ఎనిమిదిలో రాశాడు. ఆ మూలుగు నువ్వు ఆ పొద్దున విన్నావు. దానికి అర్థం ఇదీ అని తేల్చేసి చేతులు దులుపుకోవడానికి మనకు అధికారం లేదు. 1996 నవంబరు 6న తుఫాను వచ్చింది, నువ్వు అప్పుడు చిన్నదానివి, గుర్తుండే ఉంటుంది. వెయ్యిమందికి పైగా పోయారు, కోనసీమలో కొబ్బరితోటలు తోటలే పడుకున్నాయి. ఆ తర్వాత వారం తిరక్కుండానే, ఇది ఫలానా పాపానికి శిక్ష అని చెప్పినవాళ్లు ఉన్నారు, నా చెవులారా విన్నాను. వింటున్నవాళ్లలో పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్లకన్నా పాపులనుకుంటున్నారా అని అడిగి, కాదు అని ప్రభువే చెప్పిన మాట వాళ్లకు ఎందుకు గుర్తురాలేదో నాకు ఇప్పటికీ తెలియదు. మీరు మారుమనస్సు పొందండి అని విన్నవాళ్ల వైపు తిప్పాడు ఆయన. చచ్చినవాళ్ల మీద పాఠం చెప్పలేదు.

నాలుగేళ్లు నువ్వు విన్నది దేవుని స్వరమా, ఊహా అన్నావు. రెండూ కలిసే ఉంటాయి చెల్లీ, ఎవరికైనా అంతే. చీమల్ని చూసి ఆ రోజు పని వాయిదా వెయ్యకుండా చేశానని రాశావు, కలువ చూసి అప్పుల గురించి టెన్షన్ తగ్గి నిద్రపట్టిందని రాశావు, ఇవి సామెతల గ్రంథంలో, కొండమీద ప్రసంగంలో ఉన్న మాటలకు సరిపోతున్నాయి, నిన్ను మంచి వైపు నడిపాయి, అనుమానం దేనికి? మామిడి మాట ఇంకొకరి మీద తీర్పు అయ్యింది. నేను చూసినంతలో తేడా అక్కడే తెలుస్తుంది. నా కోసం విన్నప్పుడు చాలావరకు క్షేమం, పక్కవాళ్ల కోసం విన్నానంటే పది రోజులు ఆగి మళ్లీ చూసుకోవాలి.

ఆకాశపక్షులను చూడండి, అడవిపువ్వులు ఎలా ఎదుగుతాయో ఆలోచించండి అన్నాడు ప్రభువు. ఆ "ఆలోచించుడి" అన్నచోట మూలభాషలో ఉన్న మాటకు బాగా పరిశీలించి నేర్చుకోవడం అని అర్థం. నడుస్తూ నడుస్తూ ఒక చూపు చూసి ఇంటికొచ్చి పేజీ నింపితే అది జరగదు. కాబట్టి పుస్తకం గురించి నా మాట ఇది. పొయ్యిలో పెట్టొచ్చు, నీ పుస్తకం, నీ ఇష్టం. కానీ ఆ అప్పుల ఏడాది దేవుడు నిన్ను ఎలా నిలబెట్టాడో కూడా దాంతోపాటు కాలిపోతుంది, మళ్లీ రాయలేవు. మునుపటిలాగే రోజుకో పాఠం రాస్తే, పాఠం కోసం పిట్టను వెతుక్కునే పరిస్థితి మళ్లీ వస్తుంది. లేదంటే కొంతకాలం చూసింది మాత్రమే రాసి, కింద సగం పేజీ ఖాళీగా వదిలెయ్. ఏదైనా తడితే నెల తర్వాత రాసుకోవచ్చు, తట్టకపోతే ఖాళీగానే ఉండనివ్వు. కూడికలో ఎవరైనా, ఏంటమ్మా ఈమధ్య ఏం చెప్పట్లేదు అంటే, చూస్తున్నానండీ అను.

ఆ కాకి వచ్చిన రోజు పేజీ ఇంకా ఖాళీగానే ఉందన్నావు. తారీఖు వెయ్యి. పిల్లలు మూడు, కాకి తీసుకుపోయింది, తల్లిపిట్ట మధ్యాహ్నం వరకు మల్లెపొద చుట్టూ అరుస్తూ తిరిగింది అని నీ ఉత్తరంలో రాశావు చూడు, ఆ వాక్యాలే అలాగే ఎక్కించు. పిగిలిపిట్టలు అదే సీజనులో మళ్లీ గూడు కట్టడం మామూలే, ఈసారి గోరింటచెట్టులోనో ఎక్కడో కనపడొచ్చు, కనపడకపోవచ్చు. వానలు పడ్డాక గిజిగాళ్లు అల్లడం మొదలుపెడతాయి, ఒక ఆదివారం సాయంత్రం పాపను తీసుకుని గట్టు మీదికి వెళ్లు, ఏది మగది ఏది ఆడది ఆమె చెబుతుంది. ఆ అమ్మాయి ఇంటికి ఎప్పుడు వెళ్లావో, ఏమందో, వీలైతే నాకు నాలుగు ముక్కలు రాయి.